బీరయ్య పోసిన వంకాయ నారు

హుస్సేనీ ఆలం,
8 నవంబరు 2024

చెల్లె ఆండాలుకు,

నేను బాగున్న. నా గురించి ఫికర్ చెయ్యకు, నీ మోకాలు సంగతి రాయి. కొత్త మోకాలు వంగుతున్నదా అని నిన్న ఫోన్‌లో మూడుసార్లు అడిగిన. మా గల్లీ ఈ మూల నుంచి ఆ మూల దాకా అందరికీ వినబడ్డది. నిజామాబాద్‌లో బిడ్డ ఇంట్లో ఉన్న నీ ఒక్కదానికే వినబడలేదు. ఆఖరుకు నీ బిడ్డ నందిని ఫోన్ గుంజుకొని "మామా, నీకు గొంతు పోతది, అమ్మకు చెవులు రావు. ఉత్తరం రాయరాదా" అన్నది. అందుకే రాస్తున్న. నాది నాలుగో తరగతి చదువు, అదీ అరవై అయిదేండ్ల కిందటిది. తప్పులుంటే దిద్దుకొని చదువుకో, నాకు చెప్పకు.

ఆపరేషన్‌కు పోయే ముందు నా చేతిలో పెట్టినవే, ఆ ముళ్ళ వంకాయ గింజలు, వాటికి నారు పోసిన. పని అయిపోయింది. ఇంత దానికి నువ్వు దవాఖాన మంచం మీద పండుకొని గంటసేపు చెప్పినవు. అరవై బర్రెలను సాకిన మనిషిని నేను. చిటికెడు గింజలను సాకలేనా?

గోవర్ధన్ పాత కూలర్ తొట్టి మిద్దె మీద పడి ఉండె. అడుగున బొక్కలు కొట్టి మట్టి నింపిన. పేడ ఎరువు కలుపు అన్నవు. మన బర్రెలు పోయినా గల్లీ చివర సాయిలు డెయిరీ ఇంకా ఉన్నది కదా. పొద్దున్నే పోయి, అప్పుడే పడ్డ పేడ, పొగలు లేస్తున్నది, రెండు తట్టలు ఎత్తుకొచ్చి సగానికి సగం కలిపిన. సాయిలు నవ్విండు. "కాకా, పిడకలు జేస్తవా ఏంది?" అన్నడు. "నీ బర్రె సంగతి నువ్వు జూస్కో" అన్న.

గింజలన్నీ చల్లిన. పాలు పిండే వేళకు, పొద్దున నాలుగింటికి రెండు బకెట్లు, సాయంత్రం నాలుగింటికి రెండు బకెట్లు పోస్తున్న. మనిషికి వేళ తప్పినా నడుస్తుంది, జీవానికి నడవదు. చలి మొదలైంది కాబట్టి దుడ్డెలకు కప్పినట్టు గోనెపట్టా కూడా కప్పిన.

కోడలు అమలదే లొల్లి. "మామా, బట్టలారేద్దామంటె జాగ లేకుండ జేసినవ్. మిద్దె మీద కొట్టం వెట్టినవా?" అంటున్నది. గోవర్ధన్ కంచన్‌బాగ్ డ్యూటీ నుంచి వచ్చి, పైకి ఎక్కి, ముక్కు మూసుకొని దిగిండు. కన్న కొడుకు. పేడ ఎత్తిన చేతి అన్నం తిని పెరిగినోడు.

నువ్వు వంకాయ కూర తినడానికి తయారుగా ఉండు, అంతే నీ పని.

నీ అన్న
బీరయ్య


నిజామాబాద్,
14 నవంబరు

అన్నా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మోకాలు నొప్పి తెలుస్తలేదు. తల నొస్తున్నది.

గింజలు ముప్పైరెండు. లెక్కపెట్టి ఇచ్చిన. సగం చల్లు, చెడితే మళ్ళీ చల్లడానికి సగం దాచు అని చెప్పిన. నువ్వు తల ఊపినవు. ఎందుకు ఊపినవు?

పేడ ఎరువు అంటే రెండేండ్లు కుప్పలో మాగి మట్టి లెక్క అయినది. పచ్చి పేడ వేడికి గింజ ఉడుకుతుంది. గోనెపట్టా తీసెయ్యి, వాటికి వెలుతురు కావాలి. నీళ్ళు బకెట్లతో కాదు, రోజుకు ఒక్క చెంబు, చేతితో చిలకరించు. ఎంత తాగించినా అవి పాలియ్యవు.

మళ్ళీ చెప్తున్న. ఈసారి తల ఊపకుండా చదువు. అది అమ్మ పురానాపూల్ కింద, మూసీ ఒడ్డు మడిలో పెంచిన వంకాయ. నా పెండ్లినాడు ఒడిబియ్యం పోసేటప్పుడు బియ్యం, కుడుకలతో పాటు ఆ గింజల పొట్లం నా ఒడిలో పెట్టింది. యాభై ఏండ్లు ప్రతి చలికాలం నారు పోసిన. మొన్న రెండేండ్లు కోతులు ఒక్క కాయను పండనియ్యలేదు, గింజ తియ్యలేకపోయిన. నీకు ఇచ్చింది మూడేండ్ల కిందటి గింజ. ఆఖరుది. ఈ చలికాలం మొలిస్తే మొలిచినట్టు. వచ్చే ఏటికి అది చచ్చిన గింజ. నేను మంచం దిగేసరికి కాలం దాటుతుంది, అందుకే నీకిచ్చిన. లేకుంటే నీకెందుకిస్త?

అమ్మ ఫోటో ఒక్కటి లేదు మన దగ్గర. ఆ వంకాయనే ఉన్నది.

ఆండాలు


హుస్సేనీ ఆలం,
21 నవంబరు

చెల్లె ఆండాలుకు,

తలనొప్పి గోలీ పక్కకు పెట్టు. మొలిచినయి.

నువ్వు ముప్పైరెండు ఇచ్చినవు. నలభైఒకటి మొలిచినయి! నేను రెండుసార్లు లెక్కపెట్టిన, గోవర్ధన్‌తో ఒకసారి లెక్కపెట్టించిన. నలభైఒకటే. పచ్చి పేడలో గింజ ఉడుకుతుంది అన్నవు కదా. ఉడికితే పెరుగుతుందా?

అట్లెట్ల అని నువ్వు అడుగుతవు, నాకు తెలుసు. మన నల్లబర్రె రెండు ఈతలు కవలలను ఈనలేదా? మేత మంచిదైతే ఏ జీవమైనా ఈనుతుంది. అమల కూడా నిన్న పైకి వచ్చి చూసి "ఏమో అనుకున్న మామా" అన్నది. అంతకన్నా ఎక్కువ మెచ్చుకునే మనిషి కాదు.

గోనెపట్టా తీసేసిన. నీ మాట మీద కాదు, ఎండ బాగా కాస్తున్నది. నీళ్ళు కూడా ఒక బకెట్ తగ్గించిన. అది కూడా నీ మాట మీద కాదు, కింద వాళ్ళ గోడకు చెమ్మ దిగిందట, వచ్చి మొత్తుకున్నరు.

నువ్వు అక్కడ డాక్టరు చెప్పినట్టు నడు. ఇక్కడ నేను ఉన్న.

నలభైఒక్క వంకాయల బీరయ్య


నిజామాబాద్,
25 నవంబరు

అన్నా,

గింజ కవలలను కనదు.

ముప్పైరెండు మూడేండ్ల గింజల్లో పదిహేను మొలిస్తే నేను దేవునికి కొబ్బరికాయ కొడుదును. నలభైఒకటి అంటున్నవు. నాకు అన్నం దిగుతలేదు. అన్నీ ఒక్క తీరుగా ఉన్నయా? ఆకు ఎట్లున్నది? వంకాయ ఆకు వెడల్పుగా ఉంటుంది, కాడ దగ్గర కొంచెం ఊదా రంగు కొడుతుంది. చూసి రాయి.

నా మీద ఒట్టు, నేను చెప్పేదాకా ఒక్క మొక్క కూడా పీకకు. గడ్డి అనిపించినా పీకకు. అమల ఫోన్‌లో ఫోటో తీపించి నందినికి పంపించు. నీకు ఇష్టం లేకపోయినా పంపించు.

ఆండాలు


హుస్సేనీ ఆలం,
27 నవంబరు

చెల్లె ఆండాలుకు,

నీ జవాబు ఇంకా రాలేదు. పోస్టుమాన్‌ను ఆపి అడిగితే "తాతా, రాస్తే గద వచ్చేది" అన్నడు. ఇప్పటి పిల్లలకు జవాబు తయారుగా ఉంటుంది.

నారు జోరుగా ఉన్నది. జానెడు కాలేదు గానీ బెత్తెడు అయింది. ఆకులు కోసుకోసు ఉండి, కాడ మీద సన్నటి నూగు వచ్చింది. చేతితో తడిమితే వేళ్ళకు ఒక ఘాటు వాసన అంటుతుంది, సబ్బుతో కడిగినా పోదు. మంచి జాతి అంటే అట్లనే ఉంటుంది.

ఒక్కటే ఇబ్బంది వచ్చింది, అది కూడా నేనే తీర్చిన. నలభైఒకటిలో ముప్పైనాలుగు ఒక్క తీరు, ఏడు ఇంకో తీరు. ఆ ఏడు పొట్టిపొట్టిగా, ఆకు వెడల్పుగా, కాడ దగ్గర ఊదాగా ఉన్నయి. వేలెడు ఎదగలేదు గానీ పక్క మొక్కల తిండి తింటున్నయి. మందలో ముప్పైనాలుగు ఒక్క తీరుండి ఏడు వేరే తీరుంటే ఆ ఏడు ఎవరివి? పక్కోని మందవి. ఏడింటిని వేళ్ళతో సహా పీకిన. పక్కింటి గౌస్ భాయ్ మేకకు వేస్తే చటుక్కున తినేసింది. గౌస్ భాయ్ నవ్వి "క్యా బీరయ్య భాయ్, మా బక్రీకి రోజూ గిట్లనే దావత్ ఇస్తె ఎట్లుంటది?" అన్నడు.

ఇక నీకు ఏ ఫికర్ లేదు. ముప్పైనాలుగుకు ముప్పైనాలుగూ నీవే.

బీరయ్య


నిజామాబాద్,
2 డిసెంబరు

అన్నా,

నీ ఉత్తరం, అమల పంపిన ఫోటో ఒక్కరోజే వచ్చినయి.

ఫోటోలో ఉన్నది టమాట. ముప్పైనాలుగూ టమాటనే. కోసుకోసు ఆకు టమాటది. వేళ్ళకు అంటే ఘాటు వాసన టమాటది. డెబ్బై ఐదేండ్ల మనిషివి, టమాట తిన్నవు గానీ టమాట మొక్క చూడలేదా?

ఎట్ల వచ్చినయో పోయి మీ సాయిలును అడుగు. ఆ బర్రెలు ఏం తింటున్నయో అడుగు. పచ్చి పేడలో ఏముంటుందో నేను చెప్తే నువ్వు వినవు.

ఊదా కాడల ఏడే వంకాయలు. ముప్పైరెండు గింజల్లో ఏడు బతికినయి అన్నా. నీ బకెట్లకు, నీ గోనెపట్టాకు, నీ పచ్చి పేడకు తట్టుకొని ఏడు బతికినయి. వాటిని మేకకు పెట్టినవు.

నాకు ఇంక ఉత్తరం రాయకు.


హుస్సేనీ ఆలం,
8 డిసెంబరు

చెల్లె ఆండాలుకు,

రాయకు అన్నవు. రాస్తున్న.

మొదలు అమల మీద కోపం చేసిన. నాకు చెప్పకుండా ఫోటో ఎందుకు పంపినవు అన్న. "మామా, నిజామాబాద్ అత్తమ్మ నాలుగుసార్లు ఫోన్ జేసింది, ఆమెకు ఏం వినబడకున్నా ఏడుస్తున్నది నాకు వినబడ్డది" అన్నది. 

సాయిలు దగ్గరికి పోయిన. "ఏం పెడుతున్నవురా బర్రెలకు?" అన్న. "గడ్డి యాడ దొరుకుతది కాకా ఇప్పుడు? మార్కెట్ల పాడైన టమాట ట్రాలీలకు ట్రాలీలు తెస్తున్న. మస్తు తింటున్నయ్" అన్నడు. గింజ బర్రె కడుపులో అరగదట. మా కాలంలో మూసీ గడ్డి కోసేది, తౌడు పెట్టేది. బర్రెకు టమాట పెట్టేటోడు ఉంటడని నేను కలగంటినా? పేడను చూస్తే ఏ బర్రెదో చెప్పే మనిషిని నేను. అందులో ఏమున్నదో చెప్పలేకపోయిన.

కూలర్ తొట్టి మట్టినంతా గుప్పిట గుప్పిట తీసి చూసిన, ఇంకొక్క గింజ మొలకెత్తుతున్నదేమో అని. ఏమీ లేదు. గౌస్ భాయ్ మేక కట్టేసే చోట కూడా వెతికిన. మేక నా మొఖం చూసి అరిచింది.

ఏం చెయ్యాలో చెప్పు, చేస్త.

బీరయ్య


హుస్సేనీ ఆలం,
24 డిసెంబరు

చెల్లె,

పదహారు రోజులు అయింది. నందినికి ఫోన్ చేసిన. అన్నం తింటున్నవట, పట్టుకొని నడుస్తున్నవట. అంటే కోపం నా ఒక్కని మీదనే. మంచిది.

ఒక్క మాటకు జవాబు రాయి, తర్వాత మళ్ళీ కోపం చెయ్యి. ఆ గింజ ఇంకెక్కడైనా ఉన్నదా? ఊర్లో నీ ఇంటి తాళంచెవి నా దగ్గరనే ఉన్నది.

బీరయ్య


నిజామాబాద్,
30 డిసెంబరు

అన్నా,

లేదు. అన్నీ ఊడ్చి నీకే ఇచ్చిన.

మా ఇంట్లో అటక మీద, బూడిద కలిపి గింజలు దాచే కుండ ఉంటుంది. అడుగున నాలుగు అంటుకొని ఉంటే ఉన్నట్టు. పోతే పో. అటక ఎక్కకు, ఎవరినన్నా ఎక్కించు. నువ్వు పడితే నేను అక్కడికి వచ్చి చూసేటట్టు లేను.

ఆండాలు


హుస్సేనీ ఆలం,
6 జనవరి 2025

చెల్లె ఆండాలుకు,

మీ ఊరు పోయి వచ్చిన. మెహదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కి నిలబడే పోయిన. ఒక్కడు సీటు ఇస్త అన్నడు, కూర్చోలేదు.

అటక నేనే ఎక్కిన. కుండలో బూడిద ఉన్నది, ఎలుక పెంటికలు ఉన్నయి. గింజ లేదు. బూడిదను జల్లెడ పట్టి చూసిన.

కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి పోయిన. నీకూ పక్కింటి పుష్పమ్మకూ మధ్య గోడ ఉన్నది కదా, దాని మీద నువ్వు ముళ్ళకంప కూడా పెట్టించినవు. ఆ కంప సందులోంచి అటు చూసిన. ఆండాలూ, అయిదు చెట్లు! తొడిమెకు ముళ్ళు, ఆకుపచ్చ కాయ మీద తెల్ల చారలు. నారు తెలియనోన్ని అన్నవు, సరే. కాయ నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచి తిన్న.

పుష్పమ్మ అక్కడనే అంట్లు తోముతున్నది. నేను ఉన్నది ఉన్నట్టు అడిగిన.

"పుష్పమ్మా! ఈ వంకాయ యాడిది?"

"ఏ వంకాయ?"

"నీ ఎనక ఉన్నది."

ఆమె ఎనకకు కూడా తిరగలేదు. "నా ఎనక వంకాయ లేదు."

"మరి గదేంది?"

"గడ్డి."

"గడ్డికి కాయలు గాస్తున్నయా? అది మా అమ్మ వంకాయ. మా చెల్లె పెరట్ల కెళ్ళి తెంపుకున్నవ్!"

"బస్సు దిగి నా ఇంటి మీదికి లొల్లికొచ్చినవా ముసలోడా?" అని గిన్నె నేలకేసి కొట్టి, లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకున్నది.

నీకూ ఆమెకూ మాటలు లేవని తెలుసు. ఎందుకో నాకు ఎన్నడూ చెప్పలేదు.

బీరయ్య


నిజామాబాద్,
12 జనవరి

అన్నా,

చెప్పనందుకు కారణం, చెప్తే నువ్వు అప్పుడే పోయి ఇట్లనే మాట్లాడుదువు.

తొమ్మిదేండ్ల కింద నేను గింజ కోసం మూడు కాయలు చెట్టు మీదనే పండబెట్టిన. పసుపు పచ్చగా అయినయి. ఒకనాడు తెల్లారేసరికి మూడూ లేవు. పుష్పమ్మ పెరట్లోకి కాళ్ళ గుర్తులు ఉండె. అడిగిన. ఆమె ఊరందరి ముందు పోచమ్మ మీద ఒట్టు పెట్టింది, నేను ముట్టలేదు అని. ఊరంతా ఆమె మాటనే నమ్మింది. ముగ్గురు కోడండ్లున్న ఆమె మూడు వంకాయలకు గోడ దుంకుతదా అని నవ్విన్రు. తొమ్మిదేండ్లు అన్నా! పెండ్లిళ్ళకు పోతే ఆడోళ్ళు నన్ను చూసి "కాయలు లోపల పెట్టుకోండే, ఆండాలక్క వచ్చింది" అని నవ్వేది.

చూసినవా? నేను అబద్ధం చెప్పలేదు! ఇన్నేండ్లు నాకు కనబడకుండా చాటున పెంచి, ఈ ఏడు నేను ఇంట్లో లేనని గోడ పక్కన పెట్టింది. నీ నోరు ఒక్కసారి పనికొచ్చింది.

ఇప్పుడు ఇట్ల చెయ్యి. మా ఊరి పెద్దమనిషి మల్లన్న ఉన్నడు, అప్పుడు ఆమెతో ఒట్టు పెట్టించింది ఆయననే. ఆయనను తీసుకపోయి ఆ చెట్లను చూపించు. అందరి ముందు ఆమెతో "తీసుకున్న" అనిపించు. గింజ తర్వాత. ముందు ఆ మాట.

ఆండాలు


హుస్సేనీ ఆలం,
20 జనవరి

చెల్లె ఆండాలుకు,

నువ్వు చెప్పినట్టే చేసిన. అన్నీ చెడినయి.

మల్లన్న ముందు నడిచిండు, నేను వెనక. ఇంకో పదిమంది పిలవకుండానే వచ్చిన్రు. పుష్పమ్మ గుమ్మంలో నిలబడ్డది. మల్లన్న మంచిగనే అడిగిండు. "పుష్పమ్మా, పెరట్ల వంకాయ చెట్లున్నయట గద?" అన్నడు.

"లేవు."

"చూస్తం మరి."

"చూస్తరా? ఆగున్రి. లేకుండ జేసి చూపిస్త" అని చూరులో చెక్కిన కొడవలి గుంజుకొని పెరట్లోకి ఉరికింది. మేము పోయేసరికి రెండు చెట్లు మొదలు దాకా నరికింది. మూడో దాని మీద చెయ్యి ఎత్తింది. నేను అడ్డం పోయి నిలబడ్డ. "నరుకు, నన్ను నరుకు ముందు" అన్న. మల్లన్న కొడవలి గుంజుకున్నడు. ఆమె నేల మీద కూర్చొని ఏడ్చింది. కోపంతో కాదు ఆండాలూ. నేను చూసిన. సిగ్గుతో.

మూడు చెట్లు ఉన్నయి. ఒక దాని మీద రెండు కాయలు పసుపు రంగుకు తిరుగుతున్నయి, గింజకని ఉంచుకున్నది. కానీ నేను ఇంకొక్కసారి పోతే ఆ మూడు కూడా ఉండవు.

బస్సులో అంతసేపు ఆలోచించిన. పోచమ్మ మీద ఒట్టు పెట్టిన మనిషి ఇప్పుడు ఊరి ముందు దొంగనని ఎట్ల ఒప్పుకుంటది? దానికన్నా చెట్టు నరుకుడు సులువు. ఆ సంగతి నాకు తెలుసు, నేను కూడా అదే బాపతు. మేకకు వేసినప్పటి నుంచి నీకు నాలుగు ఉత్తరాలు రాసిన. సాయిలును అన్న, అమలను అన్న, ఎలుకలను అన్న. నా మాట రాయలేదు. ఇప్పుడు రాస్తున్న. తప్పు నాది. నువ్వు సగం దాచుమన్నవు, నేను వినలేదు.

ఇప్పుడు నిన్ను ఒకటి అడుగుతున్న, కోపం చెయ్యకు. నీకు దొంగ కావాలా, గింజ కావాలా? రెండూ దొరకవు.

బీరయ్య


నిజామాబాద్,
29 జనవరి

అన్నా,

నీ ఉత్తరం వారం రోజులు మళ్ళీ మళ్ళీ చదివిన. నీకు చిన్నప్పటి నుంచి అలవాటే, మాట గుచ్చి పక్కకు జరుగుతవు.

సరే. పో. మల్లన్నను తీసుకపోకు, ఒక్కనివే పో. గట్టిగా మాట్లాడకు. కుదిరితే అసలు మాట్లాడకు, కింద రాసింది చదువు, అంతే.

"పుష్పమ్మా, మంచంల పడ్డంక పాత సంగతులు యాదికొస్తున్నయ్. నీ పెద్దకొడుకు పెండ్లయిన ఏడు ఆ ముళ్ళ వంకాయ గింజలు నేనే నీకు ఇచ్చిన. ఇచ్చి మర్సిపోయిన. ఆ మూడు కాయలు కోతులు ఎత్కపోయి ఉంటయ్. మల్లన్నకు గూడ ఇదే చెప్త. ఈ ఏడు నా గింజ పోయింది. నీ కాడుంటే నాలుగు ఇయ్యి."

ఇది రాయడానికి మూడు కాగితాలు చింపిన. నేను ఎప్పుడు ఇచ్చిన అన్నా? ఆమెకు పుల్ల కూడా ఇయ్యలేదు.

దీని మీద నాకు ఒక్క మాట కూడా రాయకు. ఇచ్చిందా లేదా, అది రాయి.

ఆండాలు


హుస్సేనీ ఆలం,
5 ఫిబ్రవరి

చెల్లె ఆండాలుకు,

నిన్న పోయిన. నన్ను చూడంగానే పుష్పమ్మ లేచింది. గోడకు ఇటు దిక్కు, నీ పెరట్లోనే నిలబడి "ఆండాలు ఉత్తరం రాసింది, చదువుమన్నది" అని మాత్రం అన్న. ఇంకేం అనలేదు. నాకు ఎంత కష్టమైందో నీకు తెలియదు.

చదివిన. ఆమె తోముతున్న గిన్నెనే తోముకుంట కూర్చున్నది. మెరిసేదాకా తోమింది.

"ఇంకోసారి సదువు" అన్నది.

చదివిన.

"కోతులు అని రాసిందా?"

"రాసింది. నువ్వే చూడు."

"నాకు సదువు రాదు గద." చేతులు కొంగుకు తుడుచుకొని, కాగితం పట్టుకొని, ఎక్కడున్నది కోతులు అని అడిగింది. వేలుపెట్టి చూపించిన. ఆ మాట మీద వేలు తీయకుండా చాలాసేపు ఉన్నది.

తర్వాత లేచి, ఊరికి వినబడేటట్టు గొంతు పెంచి అన్నది. "ఔ! ఇచ్చింది. నాకు ఇప్పుడు యాదికొస్తున్నది బీరన్నా. ఇదే గోడ కాడ నిలబడ్డది, కొంగు ముడి ఇప్పి ఇచ్చింది. పెండ్లి పందిరి ఇంకా తియ్యలే అప్పటికి."

నేను తల ఊపిన.

"గని నిజం చెప్పాల్నంటె," అన్నది, గొంతు తగ్గించి, "మీ చెల్లె చెయ్యి మస్తు గట్టిది. ఎంత అడిగితె ఎంతిచ్చింది? చిటికెడు. బతిలాడంగ బతిలాడంగ గా చిటికెడు. అండ్ల సగం తాలు."

నాలుక కొరుక్కున్న. నెత్తురు వచ్చింది.

పండిన కాయలు రెండూ తెంపింది. ఒకటి నాకు ఇచ్చింది. గోడ మీది నుంచే, కంప పక్కకు జరిపి. రెండోది కోసి, గింజ కడిగి, నీడకు ఆరబెట్టి బూడిదలో తానే పెడుతుందట. "దసరా అయినంక పొయ్యమను నారు. పచ్చి పేడ ఎయ్యొద్దని చెప్పు" అన్నది. ఊరంతా తెలిసినట్టుంది.

ఇచ్చింది. అడిగినవు కదా, ఇచ్చింది. కాయ అమల వంటింట్లో ఉట్టి మీద ఉన్నది. నేను ముట్టుకుంటలేను. గింజ ఎట్ల తియ్యాలో ఒక్కొక్క మాట విడివిడిగా రాయి. అమల చదువుతుంది, అమల తీస్తుంది, నేను కుర్చీ వేసుకొని చూస్త.

బీరయ్య


నిజామాబాద్,
10 ఫిబ్రవరి

అన్నా,

గింజ తీసే తీరు వేరే కాగితం మీద అమలకు రాసిన. నువ్వు చదవకు.

కాయ చేతికి అందినట్టు చదివి కాసేపు ఏడ్చిన. నందిని భయపడి డాక్టరుకు ఫోన్ చెయ్యబోయింది.

అయితే చిటికెడా? సగం తాలా? నేను దోసెడు ఇచ్చిన. గట్టి గింజలు, ఒక్కొక్కటి ఏరి, కొంగు నిండా ఇచ్చిన. బతిలాడంగ ఇచ్చిందట! ఆమె నోరు తెరవకముందే ఇచ్చిన. ఊర్లో నన్ను పిసినారిని చేస్తదా?

ఈ మాట నువ్వు పోయి చెప్పకు, చెడగొడతవు. మార్చిలో డాక్టరు ఇంటికి పొమ్మన్నడు. నేనే గోడ దగ్గరికి పోయి అడుగుత. ఆ ముళ్ళకంప తీసేయించి పెట్టు, దాని మీది నుంచి నా మాట ఆమెకు వినబడదు.

ఆండాలు